హిజానత్ పోతే చూపు కూడా పోవాలా?

గత ఏడెనిమిదేళ్లుగా ముస్లిం కుటుంబ వ్యవహారాలు వార్తలకెక్కని ఏడాది లేదంటే అతిశయోక్తి కాదు. 2019లో ఒక్కసారిగా చెప్పే మూడు తలాఖ్‌లను నేరంగా ప్రకటిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. 2024 జూలై 10న, మన తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 జనవరిలో ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌర స్మృతి అమలులోకి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఖులా కోరడం భార్య హక్కు అని, దానికి భర్త అంగీకారం షరతు కాదని తెలంగాణ హైకోర్టు ప్రకటించింది. వీటిలో ప్రతిదాని మీదా టీవీల్లో వాదోపవాదాలు జరిగాయి. మస్జిదు మెట్ల మీదా జరిగాయి. కొన్నింటిలో మేమూ గొంతు కలిపాము.

ఇన్ని చర్చల్లోనూ మాకు ఒక పెద్ద లోటు కనిపిస్తోంది. మాటంతా భార్యాభర్తల చుట్టూనే తిరుగుతోంది. ఎవరు ఎవరిని ఎలా విడవవచ్చు, విడిచాక ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నదే చర్చ. వారికి పుట్టిన పిల్లలు ఒకరి దగ్గర చేరిపోయాక, రెండోవారు ఆ పిల్లలను చూడవచ్చునా, ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అనే ప్రశ్న ఎవరి నోటా రావడం లేదు. పిల్లలు జమాత్‌కు వచ్చి అర్జీ పెట్టుకోలేరు కదా.

ఈ విషయం ఇప్పుడు రాయడానికి మాకు ఒక సొంత కారణం ఉంది. దాన్ని దాచి నీతులు చెప్పడం సరికాదు.

నాలుగేళ్ల క్రితం మా ఊళ్లో ఒక ఖులా జరిగింది. భర్త మొదట ససేమిరా అన్నాడు. పెద్దలు రెండు మూడు సార్లు కూర్చున్నాక ఒక కాగితం తయారైంది. ఆమె మెహర్ వదులుకుంటుంది, పుట్టింటివారు పెట్టిన సామాను అడగదు, అయిదేళ్ల కొడుకును తండ్రి వైపు వారికి అప్పగిస్తుంది, ఇకపై ఆ బిడ్డతో ఏ విధమైన సంబంధమూ పెట్టుకోదు. చివరి వాక్యం ఎవరు చెప్పారో, ఎవరు రాశారో ఇప్పుడు గుర్తు లేదు. సాక్షుల సంతకాల్లో రెండోది మాత్రం మాది. గొడవ తీరిందని, ఇరువైపులవారూ కోర్టుల పాలు కాకుండా బయటపడ్డారని ఆ రోజు సంతోషించాము కూడా.

ఆమెకు మరో ఊళ్లో మళ్లీ నికాహ్ అయింది. తండ్రి కువైట్ వెళ్లాడు. పిల్లవాడు దాదా దాదీల దగ్గర పెరుగుతూ మా దగ్గరే ఉర్దూ చదువుకుంటున్నాడు. ఆ మధ్య బడిలో ఏదో ఫారం నింపమన్నారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ చక్కగా రాసి, తల్లి పేరు దగ్గర వదిలేశాడు. ఎందుకురా అంటే, దాదాను అడిగితే ఖాళీగా ఉంచమన్నారు అన్నాడు. ఆ తరువాత కొన్నాళ్లకే ఒక శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక ఆ తల్లి తన అన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మౌల్వీ సాబ్, వాణ్ణి తీసుకుపోవడానికి రాలేదు. ఒక్కసారి చూసి పోతాను. దానికి కూడా హక్కు లేదా?" అని అడిగింది. రెండుసార్లు బడి గేటు దగ్గర నిలబడి, పిల్లల గుంపులో వాణ్ణి గుర్తుపట్టలేక వెళ్లిపోయిందట.

మేము జవాబు చెప్పలేకపోయాము. జవాబు తెలియక కాదు. మేము చదివిన చదువు ఒకటి చెబుతుంటే, మా సంతకం ఉన్న కాగితం ఇంకొకటి చెబుతోంది.

షరీఅత్ ఏమంటుందో ముందు చూద్దాం. పిల్లల విషయంలో ఫిఖ్‌హ్ రెండు మాటలను వేరుచేసి చెబుతుంది. ఒకటి విలాయత్, అంటే సంరక్షకత్వం. చదువు, ఆస్తి, పెళ్లి వంటి వాటిలో నిర్ణయాధికారం. ఇది తండ్రిది, ఆయన తరువాత ఆయన వైపు వారిది. రెండోది హిజానత్, అంటే ఒడిలో పెట్టుకుని పెంచడం. ఇది మొదట తల్లిది. హనఫీ మజ్హబ్‌లో మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేవరకు, ఆడపిల్ల యుక్తవయసుకు వచ్చేవరకు బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి. తల్లి, బిడ్డకు మహ్రమ్ కాని పురుషుణ్ణి వివాహమాడితే ఆమె హిజానత్ పోతుంది. పోయి నేరుగా తండ్రి చేతికి రాదు. నానీకి, దాదీకి, అక్కలకు, ఖాలాకు ఒక వరుసలో వెళ్తుంది. ఈ వరుస సంగతి మన పంచాయతీల్లో చాలామందికి తెలియదు. తెలిసినవారికి ఆ సమయానికి గుర్తుకు రాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. హిజానత్ పోయింది అనే మాటను మన ఇళ్లలో తల్లి పోయింది అన్నట్టుగా అర్థం చేసుకుంటున్నారు. మళ్లీ పెళ్లి చేసుకుంది కాబట్టి ఇక బిడ్డ ముఖం చూడకూడదట! ఏ కితాబులో ఉంది ఇది? ఔరంగజేబు కాలంలో మన గడ్డ మీదే సంకలనమైన ఫతావా ఆలంగీరీలో ఇందుకు పూర్తి విరుద్ధంగా ఉంది. బిడ్డ తల్లిదండ్రుల్లో ఎవరి దగ్గర ఉన్నా సరే, రెండోవారు వచ్చి చూడటాన్ని, బాగోగులు కనుక్కోవడాన్ని అడ్డుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. మదర్సాల్లో మేము షామీ అని పిలుచుకునే ఇబ్నె ఆబిదీన్ గ్రంథం ఇంకా దగ్గరగా వస్తుంది. తల్లి హిజానత్ పోయి బిడ్డ తండ్రి దగ్గరకు చేరాక, బిడ్డను ఆమె ఇంటికి పంపమని తండ్రిని బలవంతపెట్టరు. అయితే ఆమె చూడాలనుకుంటే ఆపడానికి వీల్లేదు. మా ఊరి కేసు అచ్చంగా ఇదే. ఈ పాఠం మేము ఉస్తాద్ ముందు కూర్చుని చదివినదే. సంతకం పెట్టిన రోజు అది మా మనసులోకి రాలేదు.

ఇక ఖులాలో బిడ్డను బదులుగా పెట్టడం. బిడ్డను వదులుకుంటేనే ఖులా ఇస్తాననడం మన దగ్గర సర్వసాధారణమైపోయింది. దీనికీ మన ఫుఖహా జవాబు చెప్పే ఉంచారు. అలాంటి షరతు మీద ఖులా జరిగితే ఖులా చెల్లుతుంది, షరతు చెల్లదు. ఎందుకంటే హిజానత్ తల్లి హక్కు మాత్రమే కాదు, బిడ్డ హక్కు కూడా. తనది కానిదాన్ని తల్లి ఎలా వదులుకుంటుంది? తండ్రి ఎలా పుచ్చుకుంటాడు? పెంపకం విషయమే ఇలా ఉంటే, చూపును వదులుకున్నట్టు రాయించుకోవడం ఎంతవరకు న్యాయం?

హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక సంఘటన మువత్తాలో ఉంది. ఆయన అన్సార్ కుటుంబానికి చెందిన భార్య నుంచి విడిపోయారు. ఆమెకు పుట్టిన కొడుకు ఆసిమ్ ఒకరోజు ఖుబా మస్జిదు ముంగిట ఆడుకుంటూ కనిపించాడు. తండ్రి మనసు ఆగలేదు. చెయ్యి పట్టుకుని తన వాహనం మీద ముందు కూర్చోబెట్టుకున్నారు. వాడి అమ్మమ్మ పరుగున వచ్చి అడ్డుకుంది. వ్యవహారం ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్లింది. ఆయన బిడ్డను ఆమెకే వదిలేయమన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు మారుమాట్లాడలేదు. తగాదాలో ఓడిపోయిన తండ్రి ఎలా నడుచుకోవాలో ఆ మౌనంలో ఉంది. మన తగాదాల్లో గెలిచినవారు కూడా మౌనంగా ఉండరు. అది వేరే సంగతి.

ఇప్పుడు దేశ చట్టం సంగతి. పిల్లల సంరక్షణ విషయంలో ముస్లింలకు కూడా వర్తించే పాత చట్టం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్. దాని 17వ సెక్షన్, సంరక్షకుణ్ణి నియమించేటప్పుడు మైనరుకు వర్తించే మత ధర్మాన్ని దృష్టిలో పెట్టుకుంటూనే బిడ్డ క్షేమాన్ని చూడమంటుంది. బిడ్డకు సొంతంగా ఆలోచించి చెప్పగల వయసు ఉంటే వాడి ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. 12వ సెక్షన్ కింద కేసు తేలేలోగా తాత్కాలిక ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనైతే, సంరక్షకత్వం, కస్టడీలతో పాటు బిడ్డను కలుసుకునే అవకాశం అనే మాట కూడా విడిగా ఉంది. అంటే కస్టడీ అడగకుండా, చూపు ఒక్కటే అడుగుతూ కూడా కోర్టుకు వెళ్లవచ్చు. ఇది మన ఆడపిల్లల్లో ఎందరికి తెలుసు? స్త్రీలకు వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇది 1987 నాటి చట్టం కల్పించిన సౌకర్యం.

తల్లిదండ్రులు తమలో తాము రాసుకున్న కాగితం, పెద్దలు రాయించిన కాగితం బిడ్డ క్షేమం విషయంలో కోర్టు చేతులు కట్టెయ్యవు. కాబట్టి మా సంతకానికి షరీఅత్‌లోనూ బలం లేదు, చట్టంలోనూ లేదు. ఊళ్లో మాత్రం ఉంది. నాలుగేళ్లుగా ఒక తల్లిని గుమ్మం అవతల నిలబెట్టేంత బలం ఉంది.

2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ విషయాన్ని విడమరచి చెప్పింది. బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా అవసరమని, కస్టడీ దక్కనివారికి బిడ్డతో సంబంధం తెగిపోకుండా తగినన్ని సార్లు కలిసే వీలు కల్పించాలని, దూరదేశాల్లో ఉన్నా రోజుకు ఐదు పది నిమిషాలు వీడియోలో మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని ఆ తీర్పు సారాంశం. మన కడప, రాయచోటి, కరీంనగర్, హైదరాబాదు పాతబస్తీ కుటుంబాలకు ఈ చివరి మాట ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. వేలమంది తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. ఫోను ప్రతి ఇంట్లో ఉంది. తగాదా రాగానే ముందు బ్లాక్ అయ్యేది ఆ నంబరే. అంతకుముందు 2015 మే నెలలోనే లా కమిషన్ తన 257వ నివేదికలో కస్టడీ, చూపు విషయాలకు స్పష్టమైన నియమాలు ఉండాలని సిఫారసు చేసింది. పదేళ్లు దాటినా పార్లమెంటు దాన్ని చట్టంగా మలచలేదు. తలాఖ్ మీద చూపిన తొందర దీని మీద ఎందుకు లేదో పాలకులే చెప్పాలి. 2019 చట్టంలోని 6వ సెక్షన్, తక్షణ తలాఖ్ చెప్పిన భర్త నుంచి పిల్లల కస్టడీ తల్లికి ఇప్పించమంటుంది. మంచిదే. ఆ తరువాత ఆ తండ్రి తన పిల్లలను ఎలా చూడాలన్న దానికి ఆ సెక్షన్‌లో ఒక్క మాటా లేదు.

తండ్రుల మాట కూడా చెప్పాలి. మేము తల్లి కేసుతో మొదలుపెట్టినంత మాత్రాన అన్యాయం ఒకవైపే ఉందని కాదు. నెల రోజుల సెలవు మీద వచ్చి, అత్తవారింటి తలుపు తట్టి, పిల్లలు ఊళ్లో లేరనే అబద్ధం విని తిరిగి విమానం ఎక్కిన తండ్రులను మేము ఎరుగుదుము. ఖర్చులు పంపితేనే చూపిస్తామనే నానీలు ఉన్నారు. చూపించనప్పుడు ఖర్చులెందుకు పంపాలి అనే తండ్రులు ఉన్నారు. నఫఖా తండ్రి మీద విధి. అది చూపుకు టికెట్టు కాదు. చూపు దక్కలేదని నఫఖా ఆపడం, నఫఖా రాలేదని చూపు ఆపడం, రెండూ చివరకు బిడ్డ అన్నం మీదే పడతాయి. తల్లి చనిపోయిన ఇంట్లో మరో రకం తగాదా. 2010లో సుప్రీంకోర్టు ముందుకు అలాంటి ముస్లిం కుటుంబం కేసే వచ్చింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు తల్లి వైపు బంధువుల దగ్గర ఉన్నారు. తండ్రి సహజ సంరక్షకుడే అయినా, సంరక్షకత్వం వేరు, కస్టడీ వేరు అని చెప్పి, కేసు తేలేవరకు పిల్లలను అక్కడే ఉండనిచ్చింది. మన ఫిఖ్‌హ్‌లోని విలాయత్, హిజానత్‌ల తేడా ఇదే కదా!

చూపు అనగానే ఎవరు వచ్చినా తలుపు తీయాలని మేము అనడం లేదు. బిడ్డను హింసించినవారు, తాగి వచ్చి వీధిలో రభస చేసేవారు, బిడ్డను ఎత్తుకుపోతామని బెదిరించేవారు ఉంటారు. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ ఈ రెండు వైపులనూ చూసింది. బాధిత స్త్రీకి పిల్లల తాత్కాలిక కస్టడీ ఇస్తూ, అవసరమైతే ఎదుటి పక్షం వచ్చి చూసేందుకు ఏర్పాటు చేయమంది. ఆ రాక బిడ్డకు హాని అని తోస్తే అనుమతించవద్దనీ చెప్పింది. నిరాకరించడానికి కారణం ఉండాలి, ఆ కారణం బిడ్డకు సంబంధించినదై ఉండాలి. మాజీ కోడలి మీద కోపం కారణం కాదు.

బంధం నిజంగానే చట్టప్రకారం తెగిపోయే సందర్భం కూడా ఒకటి ఉంది. అది దత్తత. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం దత్తత పూర్తయితే కన్నవారితో బిడ్డకున్న చట్టబంధమంతా ముగుస్తుంది. అందుకే బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు పెట్టారు. ముస్లింలు కూడా కోరుకుంటే ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని, ఎవరి మీదా బలవంతం లేదని 2014లో సుప్రీంకోర్టు పాత చట్టం సందర్భంలో చెప్పింది. మన ధర్మం అనాథను ఇంట్లో పెట్టుకుని పెంచడాన్ని గొప్ప పుణ్యంగా చెబుతుంది గాని, కన్నవారి పేరును చెరిపివేయనివ్వదు. జైద్ (రజి)ను తండ్రి పేరుతోనే పిలవాలని ఆదేశం రావడం మనకు తెలిసిన చరిత్రే. పరాయి ఇంట పెరిగినా కన్నవారి పేరు పోకూడదన్న ధర్మాన్ని నమ్మే మనం, సొంత దాదా ఇంట్లో పెరిగే బిడ్డ ఫారంలో తల్లి పేరును ఖాళీగా ఉంచమంటున్నాము.

హనఫీ సంప్రదాయం బలంగా ఉన్న ఈజిప్టులో ఈ చూపును చట్టంలోనే రాసుకున్నారు. 1985 సవరణ ప్రకారం, తల్లిదండ్రులిద్దరికీ బిడ్డను చూసే హక్కు ఉంది. వారు లేనప్పుడు తాతలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఉంది. రాజీ కుదరకపోతే ఖాజీ స్థలం నిర్ణయిస్తాడు. ఆ స్థలం బిడ్డ మనసుకు కష్టం కలిగించేది కాకూడదు. పోలీసు బలంతో దీన్ని అమలు చేయరు. ఇరుపక్షాలూ ఒకే దేశంలో, ఒకే చట్టం కింద ఉన్నా అక్కడా తగాదాలు లేకపోలేదు. అయినా కనీసం హక్కు ఉందా లేదా అన్న వాదన లేదు.

ఇంతా చదువుకుని మేము ఆ పిల్లవాడి దాదా దగ్గరకు వెళ్లాము. ఆయన చెడ్డమనిషి కాదు. అయిదు పూటలా మొదటి సఫ్‌లో ఉంటాడు. మనవణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటాడు. మా మాటలన్నీ విని, "కాగితం మీద మీ దస్తఖత్ కూడా ఉంది గదా మౌల్వీ సాబ్" అన్నాడు. ఉందని ఒప్పుకున్నాము. అది తప్పని చెప్పాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయన చెప్పిన భయాలు కొట్టిపారేసేవి కావు. ఆమె వాణ్ణి తీసుకుపోతే? కువైట్‌లో ఉన్న కొడుకు కోప్పడితే? చూసి వెళ్లాక వాడు వారం రోజులు ఏడిస్తే ఎవరు ఓదార్చాలి?

మూడో ప్రశ్న చాలా ఇళ్లలో వినిపిస్తుంది. చూసి వెళ్లాక పిల్లలు ఏడుస్తారు, అన్నం మానేస్తారు, కాబట్టి చూపించకపోవడమే మంచిది అంటారు. సెలవు ముగిసి తండ్రి కువైట్ విమానం ఎక్కినప్పుడూ ఇదే పిల్లవాడు ఏడుస్తాడు. అందుకని తండ్రిని ఇంటికి రావద్దని ఎవరమూ అనము. ఈ మాటే ఆయనతో అన్నాము. నవ్వీనవ్వనట్టు నవ్వాడు.

కువైట్‌కు ఫోను చేశాము. మొదటిసారి మాట మధ్యలోనే కోసేశాడు. రెండోసారి, నెలకు ఒకసారి, మా ఇంట్లో, అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు, తన తండ్రి కూడా అక్కడే ఉండాలి అన్నాడు. ఆమె కొత్త భర్త రాకూడదన్నాడు. ఆమె అన్నిటికీ ఒప్పుకుంది. నెలకు ఒకసారి చాలా తక్కువని మా అభిప్రాయం. ఇంకా మాట్లాడవలసి ఉంది.

మొదటిసారి పిల్లవాడు దాదా పక్కనే కూర్చున్నాడు. ఆమె అడిగినవాటికి సమాధానం చెప్పాడు, తనంతట తాను ఏదీ అడగలేదు. ఆమె తెచ్చిన చొక్కా వాడికి పొట్టిదైంది. పాత కాగితం జమాత్ రిజిస్టరులో ఉంది. దాని చివరి వాక్యం చెల్లదని పక్కన రాసి, తేదీ వేసి, మళ్లీ సంతకం చేశాము. దాదా కూడా చేశాడు. మిగతా ఇద్దరు సాక్షుల్లో ఒకరు చనిపోయారు. రెండోవారు ఆలోచించి చెబుతానన్నారు.